చింతపండుతో తోమిన బుష్షులు

ఆ రోజుల్లో, అంటే తొంభైల నడుమ, బెంగళూరులో పొద్దునపూట ఏ వీధిలో నడిచినా ఇంటింటా మిక్సీ గొంతు చించుకుంటూ ఉండేది. ఎవరింట్లో కొబ్బరి చట్నీయో, ఎవరింట్లో శెనక్కాయల చట్నీయో ఆ మోతను బట్టి చెప్పేసేవాళ్ళం. ఆ మోత లోపల, మోటారు ఇరుసును కౌగిలించుకుని ఒక చిన్న కంచు ఉంగరం ఉంటుందనీ, అది తన ఒంట్లోనే నూనె దాచుకుని ఇరుసు అరిగిపోకుండా కాపాడుతుందనీ, దాన్ని బుష్షు అంటారనీ ఆ ఇళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా వాళ్ళ చట్నీకి వచ్చిన లోటేమీ లేదు. నాకు మాత్రం తెలుసు, తెలుసునన్న గర్వం కూడా మెండుగా ఉండేది. అప్పుడే లోహశాస్త్రంలో ఇంజనీరింగు ముగించి, మదనపల్లెలో బస్సెక్కి బెంగళూరులో దిగినదాన్ని. ఈ ఊళ్ళో ఉన్న ప్రతి కొలిమీ నా కోసమే మండుతోందని నమ్మిన వయసు.

కొలుములు మండుతూనే ఉన్నాయి కానీ నన్నెవరూ దగ్గరికి రానివ్వలేదు. వెళ్ళిన ప్రతి ఫ్యాక్టరీలోనూ నా మార్కులు చూసి మెచ్చుకునేవాళ్ళు, నన్ను చూసి మొహమాటపడేవాళ్ళు. "ఆడపిల్లవు, వేడి దగ్గర నీకెందుకమ్మా, టైపింగ్ వస్తుందా?" అని ఒకాయన అడిగాడు. (వచ్చు. కానీ ఆయనకు చెప్పలేదు.) చివరికి నన్ను కొలిమి ముందు నిలబెట్టినవాడు మా మేనత్త మొగుడు, అంటే మా మామ. బెంగళూరు దాటాక, తమిళనాడు సరిహద్దున ఉండే అత్తిబెలెలో చెక్‌పోస్టు దాటకముందే ఎడమచేతి సందులో ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఒక ప్రెస్సు, ఒక కొలిమి, లోహపు పొడి నింపిన డ్రమ్ములు, ప్రెస్సు నడిపే ఒక మనిషి (ఆయన్ని మేమంతా ప్రెస్సన్న అనేవాళ్ళం), ఆ పైన ఇంజనీరు హోదాలో నేను. ఊడ్చేదీ నేనే.

మామ వాళ్ళది బెంగళూరు బళేపేటలో తాతల నాటి గాజుల అంగడి. ఆయనకు ఆ అంగడి పడలేదు. గాజులమ్మడం అంటే గాజులు తొడగడమే కదా, పరాయి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోవాలంటే మామకు ఒళ్ళంతా చెమటలు పోసేవట. ఎటో గోడకేసి చూస్తూ తొడిగేవాడు, గాజు పగిలేది, చెయ్యి గీసుకునేది, వచ్చినావిడ తిట్టేది. అట్లా నలుగురితో తిట్లు తిని, ఒక ఫ్యాక్టరీలో చేరి, అక్కడ పొడిని లోహం చేసే పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు పెట్టుకున్నాడు. పేటలో అందరూ ఆయన్ని పొడప్ప అని పిలిచేవాళ్ళు. మా అత్తకు కూడా తన మొగుడు "ఏదో పొడి యాపారం" చేస్తాడనే తెలుసు, అంతకు మించి తెలియదు. షెడ్డులోకి ఆమె అడుగుపెట్టేది ఏడాదికొక్కసారి, ఆయుధపూజ నాడు, పసుపూ కుంకుమా పట్టుకుని.

షెడ్డు సరిగ్గా నడవడం లేదు. ఫ్యాన్లు బాగుచేసేవాళ్ళు అడపాదడపా కొనే బుష్షులతో ఇల్లు గడవదు. మామ అన్నగారు, పెద్దమామ, చాలా మంచివాడు. మంచివాడు కాబట్టే ఆయన మాట కాదనడం కష్టం. "రేయ్ తమ్మా, దసరా దాకా చూడు. అప్పటికీ నీ పొడి పొడిగానే ఉంటే విజయదశమి నాడు వచ్చి అంగట్లో కూర్చో. మంచి దినం. నీ జాగా అట్లే ఉండాది" అన్నాడు. మామ సరేనని తలూపాడు. అదృష్టమో ఏమో, దసరాకు కాస్త ముందే ఒక మిక్సీ కంపెనీ వాళ్ళు మీ బుష్షులు కొన్ని చేసి చూపించండి, నచ్చితే ఇక మీ దగ్గరే తీసుకుంటాం అన్నారు. విజయదశమి పొద్దున తమ మనిషి స్వయంగా వచ్చి చూస్తాడని కబురు పెట్టారు. అంటే ఆ ఒక్కరోజు పొద్దున తేలిపోవాలి, మామ షెడ్డులో ఉంటాడా, ఆడవాళ్ళ చేతులు పట్టుకుని చెమటలు కారుస్తాడా అని. నా సంగతి చెప్పనక్కర్లేదు, షెడ్డు లేకపోతే నాకు మిగిలేది టైపింగే.

ఇక్కడ బుష్షు ఎట్లా పుడుతుందో కాస్త చెప్పాలి, లేకపోతే మా అత్త చేసిన పని మీకు అర్థం కాదు. రాగి పొడీ తగరం పొడీ కలిపి, సబ్బు పొడి లాంటిది చిటికెడు చేర్చి, అచ్చులో పోసి ప్రెస్సుతో గట్టిగా ఒత్తుతాం. ఉంగరం బయటికొస్తుంది. చూడటానికి అచ్చం పూర్తయిన వస్తువే, కానీ అది పచ్చిది. రేణువులు పక్కపక్కన ఇరుక్కుని ఉంటాయి తప్ప ఒకదానికొకటి అంటుకుని ఉండవు. గోటితో గీకితే రాలిపోతుంది. దాన్ని పళ్ళెంలో పేర్చి, కొలిమిలో, గాలి తగలకుండా, కరిగిపోనంత వేడిలో కాసేపు ఉంచితే అప్పుడు రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దాన్నే సింటరింగ్ అంటారు. అది అయ్యాకే అది కంచు. అంతకు ముందు ఉత్త పొడి.

ఆయుధపూజ నాడు పనిముట్టు పట్టకూడదు కాబట్టి ముందురోజే బుష్షులన్నీ ఒత్తి, పచ్చివాటిని పళ్ళేల్లో పేర్చి, పాత పేపర్లు కప్పి బల్ల మీద పెట్టాం. హారతి ఇచ్చాక కొలిమిలోకి పంపాలని మామ కోరిక. పూజ రోజు కొలిమి మాత్రం వెలిగించొచ్చా అని అత్త అడిగితే, "కొలిమి ఆయుధం కాదే, అది పొయ్యి. పండగనాడు నువ్వు పొయ్యి ఆర్పుతావా?" అన్నాడు మామ.  అత్త బస్సులో అత్తిబెలె దాకా మొహం ముడుచుకునే కూర్చుంది.

షెడ్డు చేరాక మామా, ప్రెస్సన్నా, నేనూ అరటి పిలకలకూ, బూడిద గుమ్మడికాయకూ, పూలకూ బజారుకు వెళ్ళాం. "మీరు పోయి రాండప్పా, నేను ఈడ కొంచెం తుడిచి పెడతా" అంది అత్త. ఆ రోజు అత్తిబెలెలో లారీలన్నీ పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి, రోడ్డు మీద ఎక్కడ చూసినా పగిలిన గుమ్మడికాయలే. బేరాలాడి మేం తిరిగొచ్చేసరికి అత్త వెనకవైపు కొళాయి దగ్గర చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని కూర్చుని ఉంది. చేతిలో కొబ్బరి పీచు. పక్కన టిఫిన్ డబ్బాలో నానబెట్టిన చింతపండు (దీపపు సెమ్మెలు తోమడానికి ఇంటి నుంచి తెచ్చుకుంది). ఇంకో పక్కన మా పళ్ళేలు. ఖాళీగా.

ముందు నాకు అర్థం కాలేదు. బకెట్లోకి తొంగిచూశాను. అడుగున గోధుమరంగు బురద, పైన అక్కడక్కడా బంగారు మెరుపులు. మా అత్త ఇంట్లో ఏ పండగకైనా ముందు చేసే పని అదే. ఇత్తడీ కంచూ రాగీ ఏది కనబడితే అది చింతపండు పెట్టి తళతళలాడేదాకా తోముతుంది. తోమని వస్తువు దేవుడి ముందు పెట్టడం ఆమె వంశంలోనే లేదు. పేపరు ఎత్తి చూసింది, మాసిపోయిన ఉంగరాలు కనిపించాయి, ఇంకేముంది. ఆమె మాత్రం మమ్మల్ని చూసి కంగారు పడలేదు. ఎదురు మామనే నిలదీసింది.

"ఏమప్పా, ఇట్లాటి సరుకా నువ్వు చేసేది? నీళ్ళు తగిలితే కరిగిపోతాండాయి. నేను ఇంకా గట్టిగా తోమనే లేదు. రేపు ఆ కంపెనీ ఆయప్ప వచ్చి చూస్తే మన మానం ఏం కావల్ల?"

మామ గుమ్మడికాయను మెల్లగా కింద పెట్టాడు. తానూ దాని పక్కనే కూలబడ్డాడు. నేనూరుకోలేదు. పచ్చి కాంపాక్టుల, అంటే ఒత్తిన పొడి ఉంగరాల బలం ఎంత ఉంటుందో, తడి ఎందుకు తగలకూడదో మొదలుపెట్టి ఒక పాఠం అందుకున్నాను. మామ నా వైపు చూడకుండానే "గమ్మునుండు పాపా" అన్నాడు. ఆయన నాతో అంత కటువుగా మాట్లాడటం అదే మొదలు. ప్రెస్సన్న అరటి పిలకలు భుజం మీద ఉన్నవి దించడం మర్చిపోయి అట్లాగే నిలబడ్డాడు. మామ తిడతాడనే అనుకున్నాం. నేనైతే తిట్టేసేదాన్ని. (అత్త నాకు రక్తసంబంధం కాబట్టి ఇంకా ఎక్కువే తిట్టేదాన్ని.)

ఆయన లేచి, ప్రసాదానికని అత్త తెచ్చిన రవ్వుండల డబ్బా తెరిచాడు. ఒక ఉండ తీసుకుని ఆమె ఎదురుగా కొళాయి గట్టు మీద కూర్చున్నాడు. "దీన్ని పాకం పొయ్యకుండా ఉత్త రవ్వతో కట్టినావనుకో, ఏమయితాది?"

"రాలిపోతాది. అదేం అడుగుతావు?"

"ఇవీ అంతే. నిన్న ఉత్త పొడి ఒత్తి పెట్టినాము. ఇంకా ఉడకలేదు. కొలిమిలో పెడితే వేడికి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అప్పుడు నువ్వు రోకలితో కొట్టినా విడిపోవు."

"కరుగుతాయా లోపల?"

"కరగవు. కరిగితే ముద్దయిపోతాది, అచ్చు చెడిపోతాది. కరగకుండానే అతుక్కుంటాయి. అదే కదా నా పని." (నిజానికి తగరం కరుగుతుంది. ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిచాను, ప్రెస్సన్న నా కాలు తొక్కాడు.)

అత్త పీచు పక్కన పెట్టింది. "ఇన్నేండ్లలో ఒక్కనాడన్నా ఈ మాట నాకు చెప్పినావా నువ్వు?"

"నువ్వు అడగలేదు కదా."

"చెప్పే మనిషివైతే అడుగుతారు." అంది. అప్పుడు మెల్లగా బకెట్లోకి చూసింది. ఆమె మొహంలో సంగతి అర్థమవడం నేను కళ్ళారా చూశాను. "అంటే ఇవి... రేపు ఆయప్పకు చూపించేవా?" మామ తలూపాడు. చింతపండు చేతులతోనే మొహం కప్పుకుంది. ఏడుపు బయటికి వినబడలేదు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. మామ ఆమె చేతులు మొహం మీంచి తీసి, "కండ్లు మండుతాయే, పులుపు" అన్నాడు. అంత పెద్ద నష్టం జరిగాక ఆయనకు అనాలనిపించిన మాట అది. ఆ వయసులో నాకు అదొక వింత మనిషి మాటలా తోచింది.

కళ్ళు కడుక్కుని లేచిన అత్త వేరే అత్త. "పొడి ఇంకా ఉండాదా?" అంది. డ్రమ్ము అడుగున కొంచెం ఉంది. గీకితే వాళ్ళు అడిగినదాంట్లో సగమైనా వస్తుందో రాదో. "అయితే ఒత్తండి" అంది. ప్రెస్సన్న జంకాడు, పూజ రోజు ప్రెస్సు ముట్టడం ఎట్లాగమ్మా అన్నాడు. "పూజ అయ్యిందా? కాలేదు. బొట్టు పెట్టేదాకా అది ఉత్త ఇనుము. ఒత్తు నువ్వు" అంది. ఇంట్లో శుక్రవారం నాడు గోళ్ళు తీసుకోనివ్వని మనిషి. సరిగ్గా అప్పుడే పూజారిగారు స్కూటరు మీద వచ్చారు, ఆ పూట ఆయనకు చాలా షెడ్లు ఉన్నాయి. ప్రెస్సు దడదడలాడుతుంటే గుమ్మంలోనే ఆగిపోయారు. అత్త ఎదురెళ్ళి, "స్వామీ, మా ఆయుధాలకు ఇంకా పని తీరలేదు. మీరు పక్క షెడ్లు చూసుకోని రాండి" అని చెప్పి పంపేసింది. ఆయన మళ్ళీ రాలేదు. కోపమొచ్చిందో, పక్క షెడ్లలో భోజనం బాగుందో తెలియదు.

ప్రెస్సులోంచి కొత్త ఉంగరాలు ఒక్కొక్కటీ వస్తుంటే నేను పళ్ళెంలో పేర్చుతున్నాను. అత్త చేతులు రెండూ వెనక్కి కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. ఏదైనా తగులుతుందేమోనని ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తున్నట్టుంది. మామ ఒక పచ్చి ఉంగరం తీసుకుని ఆమె దగ్గరికెళ్ళి "పట్టుకో" అన్నాడు. "నాకొద్దప్పా, మళ్ళా ఏమన్నా అయితే" అంది. "ఏం కాదు. పట్టుకో." ఆమె దోసిలి పట్టింది. ఆయన ఆ దోసిట్లో ఉంగరం పెట్టాడు. గాజులు తొడగడానికి చెమటలు పట్టిన మనిషి. అత్త దాన్ని అట్లాగే దోసిట్లో పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి పళ్ళెంలో దింపింది. దింపాక మాత్రమే ఊపిరి వదిలింది. ఆ తర్వాత మిగిలినవన్నీ తానే మోసింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. "నువ్వు తొందర మనిషివి పాపా, ఆ పక్కకు పో" అంది నాతో. నేను ఇంజనీరునని గుర్తుచేశాను. వినిపించుకోలేదు.

కొలిమి మూతి దగ్గర గాలి లోపలికి పోకుండా మంట ఒక తెరలా ఆడుతూ ఉంటుంది. పళ్ళెం ఆ తెర దాటి లోపలికి వెళ్తుంటే అత్త చేతులు జోడించింది. నాకు నవ్వొచ్చింది కానీ, చూస్తే ప్రెస్సన్న కూడా జోడించాడు, నేనూ జోడించాను. సాయంత్రానికి అవి అవతలి వైపు నుంచి బయటికొచ్చి చల్లారాయి. మామ ఒకటి తీసుకుని, మేం వద్దనేలోపు సిమెంటు నేల మీదికి వదిలేశాడు. ఖంగుమంది. దొర్లుకుంటూ పోయి డ్రమ్ము కింద దూరింది. అత్త చీర నేలకు అంటుతున్నా చూసుకోకుండా వంగి, దాన్ని వెతికి తెచ్చి, చెంగుతో తుడిచింది. దీపాలు పెట్టే వేళకు పూజారి లేకుండానే పూజ అయింది. మంత్రాలు ఎవరికీ రావు కాబట్టి తొందరగానే అయింది.

మర్నాడు కంపెనీ మనిషి చెప్పిన వేళకే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, జేబులో రెండు పెన్నులు, మొహాన ఏ భావమూ లేదు. నేను ఆయనకు మనసులో మౌనం సార్ అని పేరు పెట్టుకున్నాను. సరుకు ఎందుకు తక్కువైందో చెప్పడానికి బస్సులో వచ్చేటప్పుడే నేనొక అబద్ధం తయారు చేసుకున్నాను, ఇంగ్లీషులో. అచ్చు మొరాయించిందనీ, నాణ్యత విషయంలో రాజీ పడటం మాకిష్టం లేక ఆపేశామనీ. చాలా గంభీరంగా ఉంది, రెండుసార్లు పైకి అనుకుని చూసుకున్నాను కూడా. ఆయన పళ్ళెం చూసి, "ఇష్టేనా?" అన్నాడు. ఇంతేనా అని. నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా వెనక నుంచి అత్త వచ్చేసింది.

"నేనే సార్. పచ్చివని తెలీక చింతపండు పెట్టి తోమేసినా. మా ఆయప్ప తప్పేం లేదు" అని, సగం కన్నడం సగం తెలుగులో మొత్తం చెప్పేసింది. బకెట్టు సహా చూపించింది. నా ఇంగ్లీషు అబద్ధం గొంతులోనే ఉండిపోయింది. మామ కళ్ళు మూసుకున్నాడు.

మౌనం సార్ బకెట్టు దగ్గర వంగాడు. బకెట్లో వేలు ముంచి, ఆ బురదను బొటనవేలితో రాచి చూశాడు. తర్వాత మంచి బుష్షుల్ని ఒక్కొక్కటే కొలిచాడు, లోపలి రంధ్రంలో కడ్డీ దూర్చి తిప్పి చూశాడు, వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. మేం ముగ్గురం పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డ పిల్లల్లా గోడకు ఆనుకుని చూస్తున్నాం. అన్నీ అయ్యాక ఒక బుష్షు తీసి అత్త చేతికిచ్చాడు. "ఇదన్నూ తొళియమ్మా" అన్నాడు. దీన్ని కూడా తోము అని.

అత్త నమ్మలేదు. మామ వైపు చూసింది. చింతపండు ఉంది, పీచు ఉంది, కొళాయి ఉంది, చేతికి మాత్రం ధైర్యం లేదు. కూర్చుని, పసిపిల్లకు నలుగు పెట్టినంత నెమ్మదిగా రుద్దింది. "జోరాగి ఉజ్జమ్మా" అన్నాడు ఆయన, గట్టిగా రుద్దమని. అయినా ఆమె చెయ్యి ముందుకు పోలేదు. అప్పుడు మామ అన్నాడు, "తోమవే. అది నేను చేసింది."

అంతే. అత్త కొంగు బిగించి మొదలుపెట్టింది. దేవుడి సామాను మీద కూడా అంత బలం ఎప్పుడూ చూపించలేదేమో. గాజులు గలగలలాడుతున్నాయి, చెంపల మీదికి చింతపండు చిందుతోంది, పళ్ళు బిగించి రుద్దుతూనే ఉంది. పాపం, ఆ చిన్ని ఉంగరం మీద ముందురోజు భయమంతా తీర్చుకుంది. నీళ్ళు పోసి చెయ్యి తెరిచింది. బుష్షు అట్లాగే ఉంది. అంచు చెదరలేదు. ఎండ తగిలి తళుక్కుమంది. బకెట్లో నీళ్ళు పుల్లగా ఉన్నాయేమో కానీ లోహం రేణువు లేదు. "సాకు" అన్నాడు మౌనం సార్. చాలు అని. ఆ తర్వాత మామ వైపు తిరిగి, మిగిలినవి నూనెలో నానబెట్టి పంపమనీ, వచ్చే నెల నుంచి తమకు కావలసినన్ని చేయడానికి పొడి తెప్పించుకోమనీ, మామూలు గొంతుతో, బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు. పోయేముందు అత్త ఇచ్చిన రవ్వుండ తిని, రెండోది అడిగి తీసుకున్నాడు.

 ఆయన స్కూటరు సందు మలుపు తిరిగాక మామ చొక్కా సర్దుకుని, రోడ్డు మీది టెలిఫోను బూతుకు వెళ్ళాడు. అత్తా నేనూ గాజు తలుపు బయట నిలబడ్డాం. లోపల ఆయన మాటలు వినబడుతూనే ఉన్నాయి. "అన్నా, నేనే. ఈరోజు రాలేను." అవతలి మాట విన్నాడు. "లేదన్నా. రేపు కూడా రాను." అవతల పెద్దమామ ఏమన్నాడో మాకు వినబడలేదు. బయటికొచ్చాక "ఏమన్నాడు?" అని అత్త అడిగింది. "సంతోషమే అన్నాడు. నా జాగాలో వదినను కూర్చోబెడతాడంట" అన్నాడు మామ.  నాకు కళ్ళు నిండాయి, దుమ్ము అని చెప్పాను.

తిరుగు ప్రయాణంలో పండగ రద్దీ. మామకూ అత్తకూ ఒకే సీటు దొరికింది, నాకు వాళ్ళ ముందు సీట్లో చోటు దొరికింది. నేను వెనక్కి తిరిగి కూర్చుని మొదలుపెట్టాను. ఈ విజయానికి కారణం ఉష్ణోగ్రత అనీ, నేను చెప్పినట్టు కాస్త పెంచబట్టే రేణువుల మధ్య మెడల్లాంటి అతుకులు అంత గట్టిగా కట్టుకున్నాయనీ, ఇక ముందు తగరం పాలు ఎంత ఉండాలో కూడా నేనే లెక్క కడతాననీ. బొమ్మనహళ్ళి దాకా ఆపకుండా చెప్పాను. మధ్యమధ్య వాళ్ళ తలలు ఊగుతుంటే వింటున్నారనుకున్నాను. ఒక గుంతలో బస్సు ఎగిరినప్పుడు సరిగ్గా చూశాను. ఇద్దరూ నిద్రపోతున్నారు. అత్త తల ఆయన భుజం మీద వాలిపోయి ఉంది. పులుపుకు పగుళ్ళు తేలిన ఆమె చెయ్యి ఆయన చేతిలో ఉంది. నిద్రలో కూడా ఆయన దాన్ని వదల్లేదు.

అప్పుడు నాకు కోపమే వచ్చింది, నిజం చెప్పొద్దూ. ఇంత చదువు చెప్తుంటే నిద్రా అని. ముందుకు తిరిగి మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఇప్పుడు నాకు ఆనాటి మామ వయసు దాటింది. కొత్తగా చేరిన పిల్లలకు నేనే సింటరింగ్ పాఠం చెప్తున్నాను, పొడి ఎట్లా కరగకుండానే కలిసిపోతుందో బోర్డు మీద బొమ్మలు గీసి మరీ. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్తే వెనక వరుసలో ఎవరో ఒకరు పక్కవాళ్ళ భుజం మీద తల వాల్చేస్తారు. నేను గొంతు తగ్గించుకుని చెప్తాను, లేపను.